రాత్రి ఎడారి డ్రైవ్, నక్షత్రాల టూర్ బుక్ చేసే ముందు: బండికి పౌర్ణమి, కంటికి అమావాస్య

ప్రశ్న: డిసెంబర్‌లో కుటుంబంతో ఎడారికి వెళ్దామనుకుంటున్నాం. ఏ ఎడారో ఇంకా తేల్చుకోలేదు. రాత్రిపూట ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే బండిలో, ఇసుక దిబ్బల మీద తిప్పి, తర్వాత టెలిస్కోప్‌తో నక్షత్రాలు చూపించే ప్యాకేజీలు చాలా కనిపిస్తున్నాయి. పౌర్ణమి వారాంతానికి ఖాళీ ఉంది, లేదంటే ఆ తర్వాతి వారాంతానికి. నాన్నగారికి నడుము నొప్పి, పాపకి తొమ్మిదేళ్లు. నాకు ఫోర్ బై ఫోర్ అలవాటే, నేనే నడపవచ్చా? ఏమేం చూసుకుని బుక్ చేయాలి?

సమాధానం:

ముందు తేదీ సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. పౌర్ణమి వారాంతం వద్దండి, తర్వాతి వారాంతమే తీసుకోండి.

నేను ఇలాంటి ట్రిప్పుల్లో మొదట డ్రైవర్‌గా, తర్వాత గైడుగా చాలాకాలం పనిచేశాను. బ్రోచర్‌లో ఒకే లైనులో రాసే ‘డ్రైవింగ్, స్టార్ గేజింగ్’ అనే ఈ రెండు పనులకూ ఒకదానికొకటి పడదు. ఇసుకలో బండి నడపడానికి వెన్నెల కావాలి, నక్షత్రాలు చూడటానికి వెన్నెల ఉండకూడదు. బండి దుమ్ము లేపుతుంది, టెలిస్కోప్‌కి దుమ్ము పడదు. బండికి హెడ్‌లైట్లు కావాలి, కంటికి చీకటి కావాలి. ఈ రెండింటినీ వేరువేరు వేళల్లో పెట్టే ఆపరేటర్ మంచివాడు. కలగాపులగం చేసేవాడి దగ్గర రెండూ సగం సగమే దక్కుతాయి. మీరు అడగాల్సిన ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

చంద్రుడి లెక్క తెలుగు కాలెండర్ చూసేవాళ్లకి చాలా తేలిక. పౌర్ణమి నాడు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు, రాత్రంతా ఆకాశంలోనే ఉంటాడు. ఆ తర్వాత రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అంటే బహుళ చవితికి రాత్రి తొమ్మిది ప్రాంతంలో, బహుళ అష్టమికి అర్ధరాత్రి ప్రాంతంలో. మీరు చెప్పిన రెండో వారాంతం సరిగ్గా ఆ అష్టమి దగ్గర పడుతుంది. కాబట్టి రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా మీకు శుభ్రమైన చీకటి దొరుకుతుంది. శుద్ధ పక్షంలో అయితే లెక్క తిరగబడుతుంది. తదియ, చవితి చంద్రుడు రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా వెళ్లిపోతాడు కాబట్టి పెద్ద అడ్డేమీ కాదు. శుద్ధ దశమి తర్వాత మాత్రం సాయంత్రం టూర్లకి వెళ్లి లాభం లేదు. సగం చంద్రుడంటే వెలుగు కూడా సగమే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అష్టమి చంద్రుడి వెలుగు పౌర్ణమి వెలుగులో దాదాపు పదో వంతే. అందుకే శుద్ధ అష్టమి రాత్రి కూడా పూర్తిగా దండగ కాదు. పైగా చంద్రుడి మీద గుంటలు, కొండల నీడలు టెలిస్కోప్‌లో బాగా కనిపించేది అప్పుడే. పిండారబోసినట్టున్న పౌర్ణమి వెన్నెల్లో ఇసుక దిబ్బలు అద్భుతంగా ఉంటాయి, కాదనను. నడవడానికి, ఫోటోలకి ఆ రాత్రికి మించింది లేదు. కానీ పాలపుంత మాత్రం కనిపించదు.

బ్రోచర్ మీద దిబ్బల పైన పాలపుంత నిలువుగా లేచి, మధ్యలో కాంతిమయంగా మెరుస్తున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఆ మెరిసే భాగం మన గెలాక్సీ కేంద్రం. వృశ్చికం, ధనుస్సు రాశుల వైపు ఉంటుంది. డిసెంబర్‌లో సూర్యుడు ఉండేది ఆ దిక్కులోనే కాబట్టి, ఆ నెలలో రాత్రి ఏ వేళకి చూసినా అది దొరకదు. ఉత్తరార్ధగోళంలో అది సాయంత్రం పూట బాగా కనిపించేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. ఆ నెలల్లో సహారా, అరేబియా, థార్ లాంటి ఎడారులు మండిపోతుంటాయి, గాలిలో దుమ్మూ ఎక్కువే. పర్యాటకులు వచ్చే చలికాలంలో పాలపుంత కేంద్రం ఉండదు, అది ఉండే కాలంలో పర్యాటకులు రారు. ఫోటో జూలైది, టికెట్ డిసెంబర్‌ది! మార్చి, ఏప్రిల్‌లో వెళ్లి రాత్రి అక్కడే పడుకుని తెల్లవారుజామున మూడు, నాలుగింటికి లేవగలిగితే మాత్రం ఆ దృశ్యం దొరుకుతుంది. దక్షిణార్ధగోళంలో ఈ ఇబ్బంది లేదు. నమీబియాలోని నమీబ్, చిలీలోని అటకామా ఎడారుల్లో జూన్, జూలై, ఆగస్టు చలికాలం. అప్పుడు గెలాక్సీ కేంద్రం దాదాపు నడినెత్తికి వస్తుంది. నా ఓటెప్పుడూ వాటికే. అటకామాలో పరానాల్ కొండ మీద 2,635 మీటర్ల ఎత్తున యూరప్ దేశాల వెరీ లార్జ్ టెలిస్కోప్‌ని ఊరికే కట్టలేదు. నమీబియాలోని నమీబ్‌రాండ్ ప్రకృతి సంరక్షణ ప్రాంతానికి 2012లోనే అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతంగా గుర్తింపు వచ్చింది.

అలాగని మీ డిసెంబర్ ప్రయాణం చెడిపోయినట్టు కాదు. పాలపుంత ఫోటో ఆశ వదులుకుంటే, విడివిడి నక్షత్రాల పరంగా చలికాలపు ఆకాశమే గొప్పది. తూర్పున ఒరాయన్ అనే నక్షత్రరాశి లేస్తుంది. అందులో వేటగాడి నడుము పట్టీలా మూడు నక్షత్రాలు వరసగా ఉంటాయి, ఒక భుజం దగ్గర ఎర్రగా ఆర్ద్ర. దానికి పైన రోహిణి, ఇంకా పైన గుత్తిగా కృత్తికలు. మీ పాపతో కృత్తికలు లెక్కపెట్టించండి. ఊళ్లో ఆరు కనిపించడమే కష్టం, ఎడారిలో మంచి చూపున్న పిల్లలు అంతకంటే ఎక్కువే చెబుతారు. ఒరాయన్ కత్తి దగ్గర మసకగా కనిపించేది నెబ్యులా, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం. చిన్న బైనాక్యులర్‌తోనే తెలుస్తుంది. పడమటి వైపు ఆండ్రోమెడా గెలాక్సీ, టెలిస్కోప్ అవసరం లేకుండానే చిన్న తెల్లటి మరకలా కనిపిస్తుంది. దాని దూరం దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాలు. మామూలు కంటితో చాలామందికి అంతకంటే దూరపు వస్తువు కనబడదు. మీ తేదీ డిసెంబర్ 13, 14 దగ్గరికి జరపగలిగితే, ఆ రాత్రి చంద్రుడు అడ్డం లేకపోతే, జెమినిడ్ ఉల్కాపాతం కూడా కలిసొస్తుంది. దానికి టెలిస్కోప్ అక్కర్లేదు. వెల్లకిలా పడుకుంటే చాలు.

ఇప్పుడు డ్రైవింగ్. మీకు ఫోర్ బై ఫోర్ వచ్చన్నారు. పగలు ఇసుకలో నడిపిన అనుభవం ఉందా, లేక కొండదారులూ బురదా మాత్రమేనా? దిబ్బల మీద పగలు నడిపిన అలవాటు లేకపోతే రాత్రి నడపకండి. అలవాటు ఉన్నా, కొత్త చోట రాత్రి నడపకండి. కారణం చెబుతాను.

గాలి వీచే వైపు దిబ్బ వాలు తేలిగ్గా ఉంటుంది. గాలి చాటు వైపు మాత్రం ఇసుక జారుతూ జారుతూ నిలిచే వాలు, సుమారు 33, 34 డిగ్రీలు, ఏటవాలుగా దిగుతుంది. రెండూ కలిసే చోట కొన్నిసార్లు గుండ్రటి వంపు ఉంటుంది, కొన్నిసార్లు కత్తి అంచులా ఉంటుంది. పగటిపూట ఇసుక రంగు తేడా, నీడ, అంచు మీద ఎగిరే ఇసుక చూసి అవతల ఏముందో డ్రైవర్ ఊహిస్తాడు. రాత్రి ఆ సూచనలేవీ ఉండవు. బండి ముక్కు పైకెత్తి ఎక్కుతున్నంతసేపూ హెడ్‌లైట్లు ఆకాశాన్ని చూస్తాయి. అంచు దాటిన క్షణం దాకా ముందు నల్లటి శూన్యమే. దానికి తోడు హెడ్‌లైట్ వెలుగు మన చూపు దిక్కులోనే పోతుంది కాబట్టి ఇసుక మీద నీడలు కనబడవు, ఎత్తుపల్లాలన్నీ ఒకే చదునుగా అనిపిస్తాయి. పక్కనుంచి ఇంకో బండి లైటు పడితే సరిగ్గా దీనికి రివర్స్. వేలెడు ఎత్తు అలలు కందకాల్లా కనిపించి, డ్రైవర్ అనవసరంగా బ్రేక్ తొక్కుతాడు. ఎక్కే దారిలో బ్రేక్ తొక్కితే ఊపు పోతుంది, బండి దిగబడుతుంది. బంపర్ మీద పెద్ద ఎల్‌ఈడీ బార్ పెడితే సరిపోతుందని కొందరంటారు. దుమ్ములో ఆ వెలుగంతా తిరిగి డ్రైవర్ కళ్లలోనే పడుతుంది.

పల్టీలు ఎక్కువగా జరిగేది వాలుకి అడ్డంగా నడిపినప్పుడు. పైకి నిటారుగా ఎక్కాలి, కిందికి నిటారుగా దిగాలి. బండి పక్కకి జారుతోందనిపిస్తే స్టీరింగ్ పల్లం వైపే తిప్పాలి. భయంతో చెయ్యి ఎత్తు వైపు తిప్పేస్తుంది, అదే కొంప ముంచుతుంది. ఎక్కలేక మధ్యలో ఆగిపోతే తిప్పుకునే ప్రయత్నం చేయకుండా రివర్స్‌లో వచ్చిన జాడలోనే వెనక్కి దిగాలి. రాత్రి ఆ జాడే కనబడదు. నిజానికి రాత్రివేళ ఇసుక చల్లబడి, మంచు పడితే కాస్త గట్టిపడుతుంది, చక్రాలకి పట్టు పెరుగుతుంది. అందుకే ‘రాత్రి నడపడం తేలిక’ అనే డ్రైవర్లు మీకు తగులుతారు. ఇసుక గట్టిగా ఉన్నంత మాత్రాన అంచు కనబడదు కదా.

టైర్లలో గాలి తీయడం అందరూ చేస్తారు, మీరూ చూస్తారు. రోడ్డు మీద 32 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే గాలిని 15, 18 దాకా దించుతారు. గాలి తగ్గితే టైరు నేలని తాకే భాగం పొడవుగా సాగుతుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, బండి ఇసుకలో మునగదు. కానీ అంత తక్కువ గాలితో గట్టి మలుపు కొడితే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపకుండా వేగంగా పోతే టైరు వేడెక్కి పగలవచ్చు. కాబట్టి బండిలో కంప్రెసర్ ఉందో లేదో చూడండి. గాలి తీయకుండానే దిబ్బలెక్కించే డ్రైవర్ ఊపుతో, అంటే వేగంతో లాగిస్తాడు. అలాంటి బండి ఎక్కకపోవడమే నయం.

దిగబడినప్పుడు చేసే పనిలో ఒకదాని గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఇంకో బండితో తాడు కట్టి లాగేటప్పుడు, తాడుని ట్రైలర్ తగిలించే గుండు కొక్కేనికి కట్టనివ్వకండి. సాగే తాడు జోరుకి ఆ గుండు విరిగి తుపాకీ గుండులా ఎగురుతుంది, దీనివల్ల మనుషులు చనిపోయారు. బండి ఛాసిస్‌కి, అంటే కింది చట్రానికి, లాగడం కోసమే బిగించిన రికవరీ పాయింట్‌కే కట్టాలి. తాడు బిగుసుకునేటప్పుడు మీరు, పాప, సెల్‌ఫోన్‌లో వీడియో తీసే బంధువులు అందరూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంగా, అదీ పక్కకి నిలబడాలి. ముందు పారతో చక్రాల ముందున్న ఇసుక తోడి, ప్లాస్టిక్ సాండ్ బోర్డులు పెట్టి చూసే గైడు అనుభవం ఉన్నవాడు. బండి దిగబడగానే తాడు తీసేవాడికి తొందరెక్కువ.

ఇంతకీ నేను సిఫారసు చేసే పద్ధతి ఏమిటంటే, దిబ్బల మీద డ్రైవింగ్ సూర్యాస్తమయానికి ముందు గంట, గంటన్నరలో అయిపోవాలి. ఆ వేళ వెలుగు ఏటవాలుగా పడి ప్రతి అంచూ, ప్రతి మడతా నీడతో సహా కనిపిస్తుంది. డ్రైవర్‌కి భద్రం, మీ కళ్లకి పండగ. పొద్దు గుంకే వేళకి నక్షత్రాలు చూసే చోటికి చేరి ఇంజన్లు ఆపేయాలి. సూర్యుడు దిగాక చీకటి పూర్తిగా పడటానికి, అంటే సూర్యుడు దిగంతం కింద 18 డిగ్రీలకి చేరడానికి, ఉష్ణమండలానికి దగ్గరి ఎడారుల్లో సుమారు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. భోజనం ఆ వ్యవధిలో అయిపోతుంది. ఆకాశం చూడటం అయ్యాక తిరుగు ప్రయాణం దిబ్బల మీదుగా కాకుండా, గైడుకి కంఠతా వచ్చిన గట్టి దారిలో నెమ్మదిగా సాగాలి. రాత్రి డ్రైవ్ అనుభవం కావాలంటే అదే చాలు. నెమ్మదిగా పోతుంటే లైటు వెలుగులో ఎడారి ఎలుక గెంతుతూ కనబడుతుంది, అదృష్టం బాగుంటే ఇసుక నక్క కూడా. దిబ్బలు ఎగరేసే బండిలో కూర్చున్నవాళ్లకి ఇవేవీ కనబడవు, చక్రాల కింద పడేవి కూడా ఇవే.

గట్టి దారి అన్నాను కదా అని తెల్లగా చదునుగా కనిపించే ప్రతి నేలా గట్టిదని అనుకోకండి. ఉప్పు పర్రలు పైకి పెచ్చులా గట్టిగా ఉండి కింద బురదగా ఉంటాయి. బండి ఇరుసు దాకా కూరుకుపోతే ఇసుకలో కంటే బయటికి తీయడం కష్టం. అలాగే వాగుల పొడి పడకల్లో రాత్రి మకాం పెట్టే ఆపరేటర్‌ని నమ్మకండి. వాన ఎక్కడో దూరపు కొండల మీద పడినా వరద ఇక్కడికొస్తుంది. కొన్ని చోట్ల దారి వదిలి నడపడమే నేరం. నమీబ్ కంకర మైదానాల్లో చక్రాల జాడలు దశాబ్దాలపాటు చెరగవు, నేలని అంటుకున్న లైకెన్లు (నాచు, శిలీంధ్రం కలిసి పెరిగేవి) ఒకసారి నలిగితే మళ్లీ పెరగడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. లడఖ్‌లోని హాన్లే లాంటి చల్లటి ఎడారికి వెళ్తే అక్కడ ఆకాశమే ప్రధానం, బండి విన్యాసాలకి తావు లేదు. అది సుమారు 4,500 మీటర్ల ఎత్తు, పైగా డిసెంబర్‌లో చలి భయంకరంగా ఉంటుంది. నాన్నగారితో ఈసారి ఆ ఆలోచన వద్దు.

కంటి సంగతి చెప్పకపోతే ఈ డబ్బంతా వృథా. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కంటిపాప పెద్దదవడం క్షణాల్లో అయిపోతుంది కానీ, మసక వెలుగుని పట్టే రాడ్ కణాల్లోని రొడాప్సిన్ అనే పదార్థం మళ్లీ పేరుకోవాలి, దానికే ఆ టైం. ఫోన్ స్క్రీన్ ఒక్కసారి చూస్తే మళ్లీ మొదటికే. ఇప్పుడు ‘అరగంట స్టార్ గేజింగ్ స్టాప్’ అని రాసిన ప్యాకేజీ ఎంత విలువ చేస్తుందో మీరే లెక్కేసుకోండి. కళ్లు సిద్ధమయ్యేసరికి డ్రైవర్ హారన్ కొడతాడు. కనీసం గంటన్నర ఒకే చోట, బండి లైట్లు లేకుండా ఉండాలి. రాడ్ కణాలకి ఎరుపు పెద్దగా ఆనదు కాబట్టి ఎర్ర టార్చ్ వాడతారు. సన్నటి మసక వస్తువుని నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే కంటి నడిమధ్యలో రాడ్లు ఉండవు. ఈ కిటుకు పాపకి చెబితే పెద్దవాళ్లకంటే ముందు పట్టేస్తుంది.

టెలిస్కోప్ మీద పెట్టుకునే ఆశలు కూడా కాస్త సరిచేసుకోవాలి. గురుడి నాలుగు పెద్ద చంద్రులు, శనికి వలయం, చంద్రుడి గుంటలు నిజంగా కనిపిస్తాయి, చూసినవాళ్లు అరుస్తారు. శని వలయాలు 2025 మార్చిలో మనకి అంచు వైపుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి. ఆ తర్వాత మెల్లగా విచ్చుకుంటున్నాయి కాబట్టి పాత ఫోటోల్లో ఉన్నంత వెడల్పుగా ఇప్పుడే కనబడవు. ఏ గ్రహం ఏ నెలలో సాయంత్రం ఉంటుందో ఏటా మారుతుంది, మీ తేదీకి ఫోన్‌లో స్టెల్లేరియం లాంటి యాప్ పెట్టి ముందే చూసుకోండి. గెలాక్సీలు, నెబ్యులాలు మాత్రం రంగుల్లో కనబడవు, బూడిద రంగు పొగలాగే ఉంటాయి. అది టెలిస్కోప్ లోపం కాదు. అంత తక్కువ వెలుగులో మన కన్ను రంగు పట్టదు. ‘500 రెట్లు పెద్దది చేసి చూపిస్తాం’ అనే ప్రకటన చూసి పొంగిపోవద్దు. ఎన్ని రెట్లన్నది కాదు, అద్దం వ్యాసం ఎంతో అడగండి. 200 మిల్లీమీటర్లు ఉంటే చాలా బాగుంటుంది. దాన్ని దిబ్బల మీద ఎగిరిన బండిలోనే తెచ్చి అప్పుడే దించితే అద్దాలు కదిలిపోయి, చల్లబడక, బొమ్మ మరిగే నీళ్లలో చూసినట్టు ఉంటుంది. ముందే చోటుకి చేర్చి బిగించి ఉంచేవాళ్లని చూడండి. ఒక టెలిస్కోప్‌కి పది, పన్నెండు మందికి మించితే వరసలో నిలబడటమే మిగులుతుంది.

ఎక్కడికి తీసుకెళ్తారన్నది కూడా అడగాలి. పెద్ద నగరం వెలుగు వంద కిలోమీటర్ల అవతల నుంచి కూడా దిగంతం మీద గొడుగులా కనిపిస్తుంది. ఆకాశం చీకటిని 1 నుంచి 9 దాకా కొలిచే బోర్టల్ స్కేల్ ఒకటుంది, అమెరికా ఖగోళ పరిశీలకుడు జాన్ బోర్టల్ 2001లో తయారు చేశాడు. 1 అంటే కటిక చీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. మీ స్పాట్ 3 లోపు ఉండాలి. లైట్ పొల్యూషన్ మ్యాప్‌లు ఆన్‌లైన్‌లో ఉచితం, ఆపరేటర్ చెప్పిన చోటు పెట్టి చూసుకోవచ్చు. జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బలు వంటి చోట్ల ఎడారి నిజమైనదే. కానీ క్యాంపుల వరస లైట్లు, డీజే పాటలు ఆకాశాన్ని మింగేస్తాయి. అలాంటి చోట క్యాంపుకి దూరంగా తీసుకెళ్లే ఏర్పాటు ఉందో లేదో కనుక్కోండి. పచ్చ లేజర్‌తో నక్షత్రాలు చూపించే గైడ్లు ఉంటారు, బాగానే ఉంటుంది. అది పిల్లల చేతికివ్వకూడదు, విమానం వైపు అస్సలు తిప్పకూడదు.

నాన్నగారి విషయానికి వద్దాం. డ్యూన్ బ్యాషింగ్, అంటే దిబ్బల మీద బండిని ఎగరేస్తూ నడపడం, ఆయనకి వద్దు. ‘నెమ్మదిగా నడుపుతాం’ అన్నా వద్దు. దిబ్బ అంచు నుంచి బండి ధబ్బున పడ్డప్పుడు ఆ దెబ్బ తిన్నగా వెన్నుపూసలకి తగులుతుంది. ఎముకలు బలహీనపడిన వయసులో వెన్నుపూస నొక్కుకుపోయి విరగడం జరిగేదే. గర్భిణులు, మెడ సమస్యలున్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు కూడా మానుకోవాలి. చాలామంది ఆపరేటర్లు ఇలాంటివాళ్లని మామూలు దారిలో వేరే బండిలో నేరుగా స్పాట్‌కి చేరుస్తారు. ముందే చెప్పి ఖాయం చేసుకోండి, అక్కడికెళ్లాక అడిగితే బండి ఉండదు. ఆయనకి వెనక్కి వాలే కుర్చీ ఉందో లేదో కూడా అడగండి. మెడ పైకెత్తి గంటసేపు నిలబడటం డ్రైవింగ్ కంటే తక్కువ శిక్షేమీ కాదు.

పాపకి తొమ్మిదేళ్లంటే ఇబ్బంది లేదు, సీటు బెల్టు భుజం మీదుగా సరిగ్గా పడుతోందో లేదో చూడండి. మెడ మీద పడితే పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు కావాలి. వాంతులు అయ్యే అలవాటున్నవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడాలి. చీకటి పడ్డాక దిగంతం కనబడదు కాబట్టి కడుపులో తిప్పడం ఇంకా ఎక్కువవుతుంది, దిబ్బలు పగలే అయిపోవాలనడానికి ఇదొక కారణం. కడుపు నిండా తిని ఎక్కవద్దు. మందు వేసుకునే పనైతే డాక్టర్‌ని అడిగి బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు.

చలిని తేలిగ్గా తీసుకోకండి. మబ్బూ తేమా లేని గాలి వల్ల పగటి వేడంతా రాత్రి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ 15, 20 డిగ్రీల తేడా మామూలే. కదలకుండా కూర్చుంటాం కాబట్టి ఇంకా చలేస్తుంది. స్వెట్టర్, తలకి టోపీ, సాక్స్ తప్పనిసరి. కాళ్లకి మూసి ఉండే బూట్లే వేసుకోండి. చల్లటి ఇసుకలో చెప్పుల్లేకుండా నడవమని సరదాగా చెబుతారు, పగలైతే సరే. రాత్రి పాములు, తేళ్లు బయట తిరిగే వేళ. తేళ్లు అల్ట్రావయొలెట్ టార్చ్ వెలుగులో నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి. గైడు దగ్గర ఆ టార్చ్ ఉంటే కూర్చునే చోటు ముందే చూపించమనండి, పాపకి అదో ప్రదర్శన కూడా. బాత్రూమ్ అవసరానికి ఎవరూ ఒంటరిగా దిబ్బ దాటి పోకూడదు. వంద అడుగులు నడిచి వెనక్కి తిరిగితే అన్ని దిబ్బలూ ఒకేలా ఉంటాయి. ఇద్దరు కలిసి, ఎర్ర టార్చ్‌తో, పిలిస్తే వినబడే దూరంలోనే.

ఫోన్ చేసి అడిగేటప్పుడు మొహమాటపడకండి. ఎన్ని బండ్లు కలిసి వెళ్తాయి? ఒక్కటే అంటే వద్దనండి, దిగబడితే లాగే దిక్కుండదు. బండ్ల మధ్య వాకీటాకీలు ఉన్నాయా, ముందు బండి దిబ్బ దాటి ‘క్లియర్’ అన్నాకే వెనక బండి ఎక్కుతుందా? సిగ్నల్ లేని చోట సాయం ఎలా పిలుస్తారు? శాటిలైట్ ఫోన్ మీరే తీసుకెళ్దామనుకోకండి, భారత్ సహా కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. గైడుకి, బండికి అక్కడి లైసెన్సు, ప్రయాణికులకి బీమా ఉన్నాయా? ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ డ్రైవర్ అదే రోజు తెల్లవారుజామున సూర్యోదయం ట్రిప్ కూడా నడిపాడా? సీజన్‌లో ఒకే మనిషి రెండు పూటలా నడపడం నాకు తెలిసిన విషయమే. రాత్రి పదకొండింటికి తిరిగొచ్చేటప్పుడు మీ భద్రత అతని నిద్ర మీద ఆధారపడి ఉంటుంది.

మీకు నడపాలని ఉంటే సెల్ఫ్ డ్రైవ్ కాన్వాయ్, అంటే ఎవరి బండి వాళ్లు నడుపుతూ వరసగా వెళ్లే ఏర్పాటు ఉన్న ఆపరేటర్‌ని చూసి, పగటి సెషన్‌లో మాత్రం స్టీరింగ్ పట్టుకోండి. గైడు బండి వెనకే, అతను వేసిన జాడలోనే. చీకటి పడ్డాక ప్రయాణికుడిగా మారిపోండి. ఆకాశం చూడాల్సిన మనిషి అద్దంలో వెనక బండి లైట్లు చూస్తూ గడపడం ఎందుకు?

ఇక రోజు ఎంచుకోవడంలో చివరి జాగ్రత్త. ట్రిప్‌లో ఈ టూర్‌ని ఆఖరి రాత్రికి కాకుండా మొదటి రాత్రికే పెట్టుకోండి. మబ్బు పట్టినా, గాలి లేచి దుమ్ము కమ్మినా మరుసటి రాత్రికి మార్చుకోవచ్చు. అష్టమి నుంచి అమావాస్య వైపు పోతున్నారు కాబట్టి మీకు ఆలస్యమైనా చీకటి తగ్గదు. ‘దుమ్ముంటే తేదీ మారుస్తారా, డబ్బు తిరిగిస్తారా’ అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. మబ్బు గురించి అందరూ రాస్తారు, దుమ్ము గురించి అడిగితేనే రాస్తారు.